వెంటిలేటర్‌పై ఉన్న పేషెంట్‌కు ఊపిరి సరిపోతోందా? ఐసీయూలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఐసీయూ నర్సులు, రాత్రి డ్యూటీ డాక్టర్లు, రెస్పిరేటరీ థెరపీ విద్యార్థులు పదేపదే అడిగే ప్రశ్నలకు జవాబులివి. శ్వాసనాళంలో ట్యూబ్ వేసిన పెద్దవాళ్లకే ఈ అంకెలు వర్తిస్తాయి, పిల్లల లెక్క వేరు. ప్రెషర్లన్నీ సెంటీమీటర్ల నీటి ఒత్తిడిలో ఇచ్చాం. సెట్టింగ్ మార్చే ముందు ట్రీటింగ్ డాక్టర్‌కు చెప్పాలి, మార్చాక చార్టులో రాయాలి.

పేషెంట్ మిషన్‌తో ఫైట్ చేస్తున్నాడు. మిడజోలం (మత్తు మందు) పెంచమంటారా?

అప్పుడే వద్దు. ముందు పేషెంట్‌ను చూడండి, తర్వాత ట్యూబ్‌ను, ఆ తర్వాత మిషన్‌ను. మత్తు సంగతి చివర్లో. ఫైట్ చేస్తున్నాడంటే అతనికి కావాల్సిన ఊపిరి ఒక రకంగా ఉంది, మిషన్ ఇస్తున్నది ఇంకో రకంగా ఉంది. మత్తు పెంచితే కనిపించే గొడవ సద్దుమణుగుతుంది గానీ కారణం అలాగే ఉండిపోతుంది.

ఆక్సిజన్ శాతం గానీ బీపీ గానీ పడిపోతుంటే వేవ్‌ఫామ్ (స్క్రీన్ మీది గీతలు) చూస్తూ నిలబడకండి. సర్క్యూట్ (మిషన్ పైపులు) తీసేసి, 100 శాతం ఆక్సిజన్‌తో అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి ఇచ్చే సంచి) పట్టుకోండి. బ్యాగ్ తేలిగ్గా వెళ్లి పేషెంట్ కుదుటపడితే లోపం సర్క్యూట్‌లోనో సెట్టింగ్‌లోనో ఉంది. సర్క్యూట్ తీయగానే గాలి చాలాసేపు బయటికి వచ్చి బీపీ కోలుకుంటే లోపల గాలి చిక్కుకుని ఉందన్నమాట. అప్పుడు బ్యాగ్ గబగబా కొట్టకూడదు. బ్యాగ్ గట్టిగా ఉంటే కఫం లాగే సక్షన్ క్యాథెటర్ దింపి చూడండి. దిగకపోతే ట్యూబ్ కఫంతో మూసుకుపోయిందనో, మడత పడిందనో, పేషెంట్ కొరుకుతున్నాడనో అర్థం. దిగితే రెండు వైపులా స్టెతస్కోప్ పెట్టి వినండి. ఒక వైపు గాలి వినబడకపోతే ట్యూబ్ కుడి వైపుకు జారి ఉండాలి, లేదా న్యుమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) అయి ఉండాలి. పెదవుల దగ్గర ట్యూబ్ మార్క్ మొదటి రోజు రాసిన అంకె దగ్గరే ఉందో లేదో చూడండి. మగవాళ్లకు సాధారణంగా 22–23, ఆడవాళ్లకు 20–21 సెంటీమీటర్లు ఉంటుంది.

ప్రాణాపాయం లేదని తేలితే నొప్పి, జ్వరం, నిండిన మూత్రాశయం, ట్యూబ్‌ను లాగుతున్న సర్క్యూట్ బరువు, కఫం, రక్తంలో ఆమ్లం, ఇవన్నీ ఒకటొకటిగా చూసుకుంటూ రండి. ఇంత చూశాకే స్క్రీన్ దగ్గరికి వెళ్లాలి.

టైడల్ వాల్యూమ్ (ఒక్కో శ్వాసలో ఇచ్చే గాలి) ఎంత పెట్టాలి? బరువు చూసుకుని పెట్టొచ్చా?

కాటా మీద చూపే బరువుతో లెక్కేయకూడదు, ఎత్తుతో లెక్కేయాలి. మనిషి లావెక్కినంత మాత్రాన ఊపిరితిత్తులు పెద్దవి కావు. ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి అందులోంచి 152.4 తీసేయండి. మిగిలినదాన్ని 0.91తో హెచ్చించి మగవాళ్లకు 50, ఆడవాళ్లకు 45.5 కలపండి. వచ్చిన బరువులో కిలోకు 6 నుంచి 8 మి.లీ. ఇవ్వాలి. ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిని ఆక్సిజన్ పడిపోయే జబ్బు) ఉంటే 6 దగ్గర మొదలుపెట్టాలి. 2000లో వచ్చిన ఏఆర్‌డీఎస్ నెట్‌వర్క్ ట్రయల్‌లో కిలోకు 12 మి.లీ. పెట్టినవారిలో మరణాలు దాదాపు 40 శాతం ఉంటే, 6 మి.లీ. పెట్టినవారిలో 31 శాతం ఉన్నాయి.

మన వార్డుల్లో 152 సెంటీమీటర్ల ఆడవాళ్లు చాలామంది కనిపిస్తారు. ఆ ఎత్తుకు లెక్క 45 కిలోలు వస్తుంది. అంటే 6 మి.లీ. చొప్పున 270, 8 చొప్పున 360. ఆమెకు ఎవరో అలవాటుగా 500 పెట్టి వదిలేస్తే కిలోకు 11 మి.లీ. పడుతున్నట్టు. బెడ్ పక్కన టేప్ ఉంచండి, పడుకోబెట్టే కొలవండి. అటెండర్లను అడిగి రాసుకున్న ఎత్తును నమ్మకండి.

గాలి లోపలికి వెళ్లాక కాసేపు ఆపి ఉంచే ఇన్‌స్పిరేటరీ హోల్డ్ నొక్కితే వచ్చే ప్రెషర్, అంటే ప్లాటో, 30 దాటకూడదు. ప్లాటోలోంచి పీప్ (ఊపిరి వదిలాక కూడా మిషన్ నిలిపి ఉంచే ప్రెషర్) తీసేస్తే వచ్చేది డ్రైవింగ్ ప్రెషర్, అది 15 లోపు ఉండాలి. హోల్డ్ సమయంలో పేషెంట్ గుంజుతుంటే ఆ అంకెను రాసుకోకండి.

ఏ మోడ్ (మిషన్ ఊపిరి ఇచ్చే పద్ధతి) మంచిది?

అన్ని సందర్భాలకూ మంచిదైన మోడ్ అంటూ లేదు. పేషెంట్ ఊపిరి ప్రయత్నం బలంగా ఉన్నప్పుడు ఏ మోడ్ ఎలా తప్పుదారి పట్టిస్తుందో తెలిసి ఉండాలి.

వాల్యూమ్ కంట్రోల్‌లో ఫ్లో (గాలి వెళ్లే వేగం) మన చేతిలో ఉంటుంది. పేషెంట్ అంతకంటే వేగంగా లాగాలనుకుంటే గాలి చాలక విలవిల్లాడతాడు. ప్రెషర్‌ను మనం పెట్టే ప్రెషర్ కంట్రోల్, ప్రెషర్ సపోర్ట్‌లలో ఫ్లో అడిగినంత దొరుకుతుంది. కానీ గట్టిగా లాగేవాడికి మిషన్ చూపే ప్రెషర్ 14 ఉన్నా వాల్యూమ్ 600 రావచ్చు. ఊపిరితిత్తిని సాగదీస్తున్నది మిషన్ ఒత్తిడి ఒక్కటే కాదు, కండరాల లాగుడు కూడా. స్క్రీన్ మీద ప్రెషర్ తక్కువగా ఉందని ధీమా పడకూడదు.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది పీఆర్‌వీసీ లాంటి మోడ్‌లతో. వీటిలో వాల్యూమ్ టార్గెట్ మనం ఇస్తాం, దాన్ని తెచ్చే ప్రెషర్‌ను మిషన్ ఎంచుకుంటుంది. పేషెంట్ ఆయాసంతో గట్టిగా లాగితే వాల్యూమ్ టార్గెట్ దాటుతుంది. ఇతనికి నా సాయం అక్కర్లేదనుకుని మిషన్ ప్రెషర్ తగ్గించేస్తుంది. అవసరం పెరిగేకొద్దీ సాయం తగ్గుతుంది. వాల్యూమ్ సరిగ్గా 350 వస్తుంటుంది, పీక్ ప్రెషర్ 10కి దిగిపోతుంది, అలారం ఒక్కటీ మోగదు, పేషెంట్ మాత్రం మెడ కండరాలతో ఊపిరి పీలుస్తుంటాడు. ఈ మోడ్‌లో పీక్ ప్రెషర్ దానంతట అదే తగ్గుతుంటే సంబరపడే ముందు దుప్పటి తీసి ఛాతీ, మెడ చూడండి.

ట్రిగ్గర్ (పేషెంట్ ప్రయత్నాన్ని మిషన్ గుర్తించే హద్దు) ఎంత పెట్టాలి?

ఫ్లో ట్రిగ్గర్ అయితే నిమిషానికి 1 నుంచి 3 లీటర్లు, ప్రెషర్ ట్రిగ్గర్ అయితే మైనస్ 1 నుంచి మైనస్ 2. పేషెంట్‌కు అలుపు లేకుండా అందాలి, అదే సమయంలో మిషన్ ఉత్తుత్తినే కొట్టకూడదు.

ఉత్తుత్తినే కొట్టడాన్ని ఆటో ట్రిగ్గర్ అంటాం. నిమిషానికి శ్వాసల రేటు అకస్మాత్తుగా 30 దాటుతుంది, పేషెంట్ పొట్టా ఛాతీ మాత్రం తనంతట తాను కదలవు. పైపుల్లో నీళ్లు నిలవడం, కఫ్ (ట్యూబ్ చుట్టూ ఉండే గాలి బుడగ) దగ్గర లీక్, గుండె కొట్టుకునే అదురు దీనికి ముఖ్య కారణాలు. నీటిని ఎప్పుడూ వాటర్ ట్రాప్ వైపే వంచి తీయండి, పేషెంట్ వైపు పోనివ్వకండి. కఫ్ ప్రెషర్ 20–30 మధ్య ఉందో లేదో మీటర్‌తో కొలవండి. బ్రెయిన్ డెత్ పరీక్షలప్పుడు ఇది మరీ ముఖ్యం. ఆటో ట్రిగ్గర్‌ను చూసి పేషెంట్ ఊపిరి తీసుకుంటున్నాడని పొరబడే ప్రమాదం ఉంది.

పేషెంట్ ప్రయత్నిస్తున్నాడు, మిషన్ మాత్రం ఇవ్వట్లేదు. ట్రిగ్గర్ పాడైందా?

చాలాసార్లు ట్రిగ్గర్ బాగానే ఉంటుంది. సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు), ఆస్తమా పేషెంట్లలో ఊపిరి పూర్తిగా వదలకముందే తర్వాతి ఊపిరి వచ్చేస్తుంది, గాలి లోపలే పేరుకుంటుంది. అదే ఆటో పీప్. లోపల 10 ఉండి మనం పెట్టిన పీప్ 3 ఉంటే, పేషెంట్ ముందు ఆ 7ను కండరబలంతో దాటాలి. ఆ తర్వాతే ట్రిగ్గర్ అందుతుంది. దాటలేని ప్రయత్నాలు వృథా అవుతాయి.

పేషెంట్ పొట్ట మీద చెయ్యి పెట్టి ఒక నిమిషం లెక్కపెట్టండి. చేతికి 32 వచ్చి మిషన్ 22 చూపితే 10 వృథా అయినట్టే. స్క్రీన్ మీద ఊపిరి వదిలే ఫ్లో గీత సున్నా వైపు ఎక్కుతూ మధ్యలో చిన్న బుడిపెలా కనిపిస్తుంది, అదే సమయంలో ప్రెషర్ గీత కొంచెం కిందికి వంగుతుంది. గీత సున్నాను తాకకుండానే తర్వాతి శ్వాస మొదలైతే ఆటో పీప్ ఉందని తెలుస్తుంది.

ఇలాంటప్పుడు సాయం చాలట్లేదని ప్రెషర్ సపోర్ట్ పెంచేస్తుంటారు. దాంతో పరిస్థితి ఇంకా చెడుతుంది, వాల్యూమ్ పెరిగి మరింత గాలి చిక్కుకుంటుంది. నిజానికి తగ్గించాలి. 20 ఉంటే రెండేసి చొప్పున దించుతూ వాల్యూమ్ కిలోకు 6 దగ్గరికి వచ్చేదాకా చూడండి. దించేకొద్దీ పొట్ట లెక్క, మిషన్ లెక్క కలవడం మొదలవుతుంది. బ్రాంకోడైలేటర్ (శ్వాసనాళాలు తెరిచే మందు) ఇవ్వండి, కఫం తీయండి. తర్వాత ఊపిరి వదిలాక గాలిని ఆపి ఉంచే ఎక్స్‌పిరేటరీ హోల్డ్‌తో ఆటో పీప్ కొలిచి, అందులో 70–80 శాతం మించకుండా బయటి పీప్ పెట్టండి. పేషెంట్ గుంజుతున్నప్పుడు ఈ కొలత తప్పొస్తుంది, నెమ్మదించాక కొలవాలి.

ఒకదాని మీద ఒకటి రెండు శ్వాసలు పడుతున్నాయి (డబుల్ ట్రిగ్గర్). ఏం చేయాలి?

పైన చెప్పిన 45 కిలోల ఆమెకే 270 మీద ఇంకో 270 పడితే 540 అవుతుంది, అంటే కిలోకు 12 మి.లీ. జాగ్రత్తగా లెక్కేసి పెట్టిన సెట్టింగ్ వృథా అయినట్టే. అందుకే దీన్ని చిన్న విషయంగా తీసిపారేయకూడదు.

రెండు వేర్వేరు సమస్యలు ఇలాగే కనిపిస్తాయి, వాటి పరిష్కారాలు ఒకదానికొకటి ఎదురు. తేడా మొదటి శ్వాసలో తెలుస్తుంది. మొదటి శ్వాసను పేషెంట్ మొదలుపెట్టి ఉంటే అతని ఆకలికి మిషన్ ఇచ్చిన ఊపిరి చాలలేదు, మిషన్ ఆపేశాక కూడా ఇంకా పీలుస్తూనే ఉన్నాడు. మిషన్ గాలి ఇచ్చే సమయాన్ని, అంటే ఇన్‌స్పిరేటరీ టైమ్‌ను, 0.7 నుంచి 0.9–1.0 సెకనుకు పెంచండి. ప్లాటో అనుమతిస్తే వాల్యూమ్‌ను కిలోకు 8 దాకా తీసుకెళ్లండి, లేదా ప్రెషర్ సపోర్ట్‌కు మార్చి చూడండి.

మొదటి శ్వాస సెట్ చేసిన రేటు ప్రకారం మిషన్ ఇచ్చినదై, దాని వెనకాలే పేషెంట్ డయాఫ్రం (ఊపిరి పీల్చే ప్రధాన కండరం) కదులుతుంటే అది రివర్స్ ట్రిగ్గర్. గాఢమైన మత్తులో ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. 2013 నుంచి దీని మీద శ్రద్ధ పెరిగింది. ఇక్కడ మత్తు పెంచితే తగ్గకపోగా ఎక్కువ కావచ్చు. మత్తు తగ్గించి లేదా సెట్ రేటు తగ్గించి పేషెంట్‌ను తనంతట తాను ఊపిరి తీసుకోనివ్వడమే మొదటి మార్గం. తీవ్రమైన ఏఆర్‌డీఎస్‌లో వాల్యూమ్‌లు పేరుకుంటూనే ఉంటే కొద్ది గంటలు కండర సడలింపు మందు వాడాల్సి రావచ్చు.

ప్రెషర్ గీత మధ్యలో గుంట పడుతోంది. ఎందుకు?

వాల్యూమ్ కంట్రోల్‌లో ఫ్లో చాలట్లేదు. నిమిషానికి 40 లీటర్లు ఉంటే 60కి, అవసరమైతే 80కి పెంచండి. గుంట పూడిపోయి గీత గుండ్రంగా పైకి లేస్తే సరిపోయినట్టే. ఫ్లో పెంచితే ఇన్‌స్పిరేటరీ టైమ్ తగ్గుతుంది, డబుల్ ట్రిగ్గర్ మొదలవుతుందేమో గమనించండి.

మిషన్ శ్వాస ఇవ్వడం ఆపే సమయం ఎలా సరిచేయాలి?

ప్రెషర్ సపోర్ట్‌లో ఫ్లో తన గరిష్ఠంలో ఇంత శాతానికి పడగానే మిషన్ ఆపేస్తుంది. చాలా మిషన్లలో ఫ్యాక్టరీ సెట్టింగ్ 25 శాతం. సీఓపీడీలో ఫ్లో నెమ్మదిగా పడుతుంది కాబట్టి మిషన్ ఇంకా ఇస్తూనే ఉంటుంది, పేషెంట్ మాత్రం వదలడం మొదలుపెడతాడు. ప్రెషర్ గీత చివర కొమ్ములాగా ఒక చిన్న ఎత్తు వస్తుంది, పొట్ట బిగుసుకుంటుంది. 40–50 శాతానికి పెంచండి. ఏఆర్‌డీఎస్, ఫైబ్రోసిస్‌లలో ఇందుకు తలకిందులు. శ్వాస మరీ తొందరగా ఆగిపోతుంది, 10–15 శాతానికి దించాలి.

సాయం ఎక్కువైందా తక్కువైందా, అంకెల్లో ఎలా తెలుస్తుంది?

కంటికి కనిపించేవే మొదటి ఆధారం. మెడ కండరాలు, ముక్కుపుటాలు, చెమట, నుదుటి ముడతలు చూడండి. వాటితోపాటు రెండు కొలతలు ఉపయోగపడతాయి.

పీ0.1 అంటే ఊపిరి మొదలైన తొలి పదో వంతు సెకనులో ఎంత ఒత్తిడి లాగాడన్నది. సుమారు 1.5 నుంచి 3.5 మధ్య ఉంటే ఫర్వాలేదు. 4 దాటితే డ్రైవ్ (ఊపిరి పీల్చాలన్న తపన) ఎక్కువ. 1 కంటే తక్కువైతే సాయమో మత్తో ఎక్కువైంది. ఒక శ్వాస చూసి తేల్చకండి, నాలుగైదింటి సగటు తీసుకోండి. కొన్ని మిషన్లు నిజంగా గాలి ఆపకుండానే అంచనాగా ఈ అంకె చూపిస్తాయని గుర్తుంచుకోండి.

రెండోది పీఆక్. ఎక్స్‌పిరేటరీ హోల్డ్ నొక్కి, వాల్వ్ మూసి ఉండగా పేషెంట్ పీల్చిన ఒక్క శ్వాసకు ప్రెషర్ పీప్ నుంచి ఎంత కిందికి పడిందో చూడాలి. దాన్ని 0.75తో హెచ్చిస్తే కండరాలు పెడుతున్న బలం వస్తుంది. ప్రెషర్ సపోర్ట్ 10, పీప్ 5 మీద ఉన్న పేషెంట్‌లో 18 పడిందనుకోండి. కండరబలం 13.5. ఊపిరితిత్తి మీద పడుతున్న లాగుడు తెలియాలంటే మిషన్ ఇచ్చే 10కి ఆ 18లో మూడింట రెండొంతులు, అంటే 12 కలపాలి. 22 వస్తుంది. స్క్రీన్ మీద పీక్ 15 మాత్రమే కనిపిస్తున్నా ఊపిరితిత్తి మీద భారం మోతాదు మించింది. కండరబలం 5–10 మధ్య ఉండేలా చూసుకోవడం మంచిది. ఎనిమిది గంటలకోసారి కొలిచి చార్టులో రాస్తే మార్పు తెలుస్తుంది.

సాయం మరీ ఎక్కువైతే డయాఫ్రం పనిలేక పలచబడుతుంది. బ్రెయిన్ డెత్ అయిన అవయవ దాతల మీద 2008లో వచ్చిన అధ్యయనంలో 18 నుంచి 69 గంటల వెంటిలేటర్‌కే డయాఫ్రం కండర తంతువులు సగానికి పైగా సన్నబడ్డాయి. అర్ధరాత్రి ఆప్నియా (ఊపిరి ఆగిందన్న) అలారం మోగితే కూడా దీన్నే అనుమానించండి. నిద్రలో డ్రైవ్ తగ్గుతుంది, ఎక్కువ సపోర్ట్ కార్బన్ డయాక్సైడ్‌ను మరీ దించేస్తుంది, ఊపిరి ఆగుతుంది.

షుగర్ పేషెంట్, కీటోఅసిడోసిస్ (రక్తంలో ఆమ్లం పేరుకోవడం). ట్యూబ్ వేశాక పీహెచ్ ఇంకా పడిపోయింది. ఎందుకు?

ఆమ్లాన్ని తట్టుకోవడానికి అతను అప్పటిదాకా నిమిషానికి 35 సార్లు లోతుగా ఊపిరి తీస్తున్నాడు, మిషన్ ఆ పని మానిపించింది. బైకార్బొనేట్ 6 ఉన్నప్పుడు ఉండాల్సిన కార్బన్ డయాక్సైడ్ దాన్ని ఒకటిన్నరతో హెచ్చించి 8 కలిపితే వస్తుంది, అంటే 17. ఆ స్థితిలో పీహెచ్ సుమారు 7.17. మనం రేటు 14, వాల్యూమ్ 400 పెడితే కార్బన్ డయాక్సైడ్ 40కి చేరుతుంది, పీహెచ్ 6.8కి పడుతుంది. గుండె ఆగడానికి అది చాలు.

అందుకే ట్యూబ్ వేసే ముందే అతని రేటు లెక్కపెట్టి రాసుకోండి. వాల్యూమ్ కిలోకు 8, రేటు 30–35 పెట్టి మొదలుపెట్టండి. ఫ్లో గీత సున్నాకు చేరుతోందో లేదో చూడండి, 15–20 నిమిషాల్లో ఏబీజీ (ధమని రక్త పరీక్ష) పంపండి. ఈ పేషెంట్ ఆయాసాన్ని మత్తుతో అణచకూడదు.

పురుగుల మందు, పాముకాటు కేసుల్లో ఏం తేడా?

మన జిల్లా ఆస్పత్రుల్లో వెంటిలేటర్ ఎక్కేవాళ్లలో వీళ్లు చాలామందే. ఊపిరితిత్తులు బాగానే ఉండొచ్చు, బలం ఉండదు. ఊపిరి తీసుకోవాలన్న తపన ఉంటుంది, లాగే శక్తి లేదు. రేటు 35 ఉండి పీఆక్ 4 మాత్రమే పడితే అది బలహీనత. సపోర్ట్ పెంచండి, ట్రిగ్గర్ సున్నితంగా పెట్టండి.

ఆర్గనోఫాస్ఫేట్ పురుగుల మందు తాగినవాళ్లు విరుగుడు అట్రోపిన్‌తో కోలుకున్నట్టే కనిపించి 24 నుంచి 96 గంటల మధ్య మెడ, శ్వాస కండరాలు పట్టు వదిలేస్తాయి. దిండు మీంచి తల ఎత్తమనండి. ఎత్తలేకపోతే ఎంత మెలకువగా ఉన్నా ట్యూబ్ తీసే ఆలోచన వాయిదా వేయండి. రోజూ అదే పరీక్ష చేసి రాయండి.

కట్లపాము కాటులో కనురెప్పలు వాలి, కనుపాపలు కదలక, చేయీ కాలూ ఆడక మనిషి పోయినట్టే కనిపించవచ్చు. లోపల మెలకువ ఉండొచ్చు, అన్నీ వినబడుతుండొచ్చు. బెడ్ దగ్గర మాట్లాడేటప్పుడు ఆ సంగతి మరవకండి. "అమ్మా, మీకు విషం వల్ల ఒళ్లు పట్టు తప్పింది, మిషన్ ఊపిరి ఇస్తోంది, తగ్గుతుంది" అని ప్రతి షిఫ్ట్‌లో చెప్పండి. నొప్పి మందు, కొద్దిగా మత్తు ఇవ్వండి. ఈ స్థితిలో బ్రెయిన్ డెత్ పరీక్షల ఊసే ఎత్తకూడదు.

ఫిల్టర్ మారిస్తే కూడా తేడా వస్తుందా?

వస్తుంది. గాలికి వేడి, తేమ పట్టి ఉంచే హెచ్‌ఎంఈ ఫిల్టర్ లోపలి ఖాళీ రకాన్ని బట్టి చాలావాటిలో 30 నుంచి 90 మి.లీ. ఉంటుంది. 270 మి.లీ. ఊపిరిలో 50 అక్కడే తిరుగుతుంటే ఐదో వంతు వృథా. పొట్టి మనుషుల్లో కార్బన్ డయాక్సైడ్ దిగకపోతే రేటు పెంచే ముందు ఫిల్టర్, పొడవాటి క్యాథెటర్ మౌంట్ తీసేసి హీటెడ్ హ్యుమిడిఫైయర్ పెట్టి చూడండి. కఫంతో తడిసిన ఫిల్టర్ ఊపిరికి అడ్డంగా కూడా మారుతుంది.

మరి మత్తు ఎప్పుడు ఇవ్వాలి?

నొప్పి మందు ముందు, మత్తు తర్వాత. చాలామందికి పిలిస్తే కళ్లు తెరిచే స్థాయి, అంటే ర్యాస్ (మత్తు లోతు కొలిచే స్కేలు) 0 నుంచి మైనస్ 2 సరిపోతుంది. ట్యూబ్, సెట్టింగ్‌లు, కారణం అన్నీ సరిచేశాక కూడా పీఆక్, వాల్యూమ్ ప్రమాదకరంగా ఉంటే అప్పుడు మత్తు పెంచడం న్యాయమే. ఎందుకు పెంచారో, ఎప్పుడు తగ్గించి చూస్తారో చార్టులో రాయండి. డ్రైవ్‌ను తగ్గించేది ప్రొపోఫాల్, ఓపియాయిడ్‌లు. ఓపియాయిడ్ ప్రధానంగా రేటును తగ్గిస్తుంది, ప్రొపోఫాల్ ప్రతి శ్వాస బలాన్ని తగ్గిస్తుంది.

ట్యూబ్ తీయడానికి సిద్ధమని ఎలా తేల్చాలి?

జబ్బు తగ్గుముఖం పట్టి ఉండాలి. ఆక్సిజన్ 40 శాతం, పీప్ 5–8 మీద నిలకడగా ఉండాలి. బీపీ పడకుండా నిలిపే మందు మోతాదు పెరుగుతుండకూడదు, దగ్గు ఉండాలి. అప్పుడు ప్రెషర్ సపోర్ట్ 5–8 మీద 30 నిమిషాలు వదిలి చూడండి. రేటు 35 దాటినా, ఆక్సిజన్ 90 కంటే పడినా, గుండె వేగం 140 దాటినా, చెమటలు పట్టి కంగారు పడినా ఆపేయండి. రేటును లీటర్లలో వాల్యూమ్‌తో భాగిస్తే 105 లోపు రావాలి. రేటు 28, వాల్యూమ్ 350 అయితే 80, ఫర్వాలేదు.

ఫెయిలైతే అలిసిపోయేదాకా సాగదీయకండి. ముందున్న హాయైన సపోర్ట్‌కు తిరిగి వెళ్లి, ఎందుకు ఫెయిలైందో వెతకండి. ఊపిరితిత్తుల్లో నీరా, గుండె బలహీనతా, కఫమా, పొటాషియం, ఫాస్ఫేట్ తక్కువా, భయమా అన్నది తేల్చుకోండి. దాన్ని సరిచేసి మర్నాడు పొద్దున మళ్లీ చూడండి, రాత్రి నిద్ర పట్టేలా సపోర్ట్ ఉంచండి.